ఓడ మల్లయ్యను మరువరాదు — కోరంగి రేవులో ఓడల మరమ్మతు

మన మారిషస్ దీవిలో తెలుగువారిని పూర్వం "కోరంగులు" అని పిలిచేవారు. బర్మాలో పని చేయడానికి వెళ్ళిన తెలుగువారికి కూడా అదే పేరు ఉండేది. పిలిచేవారి నోట ఆ మాట గౌరవంగా పలికేది కాదు. కూలి, కోరంగి అనేవి రెండూ ఒకటే అన్నట్లు పలికేవారు. నేటి పిల్లలకు ఆ చిన్నచూపు తెలియదు, ఆ మాట కూడా తెలియదు. సాయంకాలపు తెలుగు తరగతిలో "కోరంగి అంటే ఏమిటి?" అని అడిగితే ఒకరు కులం అంటారు, ఒకరు భాష అంటారు. కోరంగి కులమూ కాదు, భాషా కాదు. అది గోదావరి ముఖద్వారం దగ్గర ఉన్న ఒక రేవు. అక్కడి వారికి ప్రసిద్ధి తెచ్చిన పని ఓడలు కట్టడం. అంతకంటె ముఖ్యంగా, నీరు కారే పాత ఓడలను బాగుచేసి మళ్ళీ సముద్రం మీదికి పంపడం. ఈ పండుగ సంచికలో ఆ పనిని గూర్చి మాకు తెలిసినంత వివరంగా వ్రాయాలని మా సంకల్పం.

కోరంగి ఎక్కడ ఉన్నది?

కోరంగి కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉన్నది. ఇప్పుడు అది తాళ్ళరేవు మండలంలోని ఒక చిన్న గ్రామం. ఒకప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాం దానికి పొరుగునే ఉన్నది. చుట్టూ మడ అడవులు, ఉప్పుటేరులు, మెత్తని ఒండ్రు మట్టి. 1978లో ఆ అడవులను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు.

తెలుగు తీరంలో ఓడల పని కోరంగితో మొదలు కాలేదు. రెండు కొయ్యలు గల ఓడ బొమ్మను శాతవాహన రాజులు తమ నాణెముల మీద ముద్రించారు. 17వ శతాబ్దంలో నరసాపురం, దాని ప్రక్కనున్న మాధవాయపాలెం ఓడలు కట్టే చోట్లుగా పేరుపొందాయి. 1669 నుండి పదేళ్ళు ఈ తీరాలలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు అక్కడి కలపను, ఇనుమును, వడ్రంగుల నేర్పును మెచ్చుకొంటూ వ్రాశాడు. తరువాతి కాలంలో ఆ కీర్తి కోరంగికి వచ్చింది. కలకత్తాకు, సింహళంలోని ట్రింకోమలికి మధ్య పెద్ద ఓడను ఒడ్డుకు తెచ్చి అడుగుభాగం బాగుచేయగల చోటు ఇది ఒక్కటే అని పాత గెజిటీర్లలో కనిపిస్తుంది. 1802లో ఎబినేజర్ రోబక్ అనే ఇంగ్లీషు నివాసి, రాజుగారి యుద్ధనౌకల మరమ్మతు కోసం, చాలా ధనం ఖర్చు పెట్టి ఇక్కడ ఒక డాక్ కట్టించాడు. డాక్ కట్టించినవాడు దొర. అందులో చేతులు ఆడించినవారు మనవారు. దొర పేరు పుస్తకంలో ఉన్నది. మనవారి పేర్లు లేవు.

కొయ్య ఓడకు నీరు ఎందుకు కారుతుంది?

కొయ్య ఓడ ఒకే ముక్క కాదు. క్రింద వెన్నెముక వంటి పొడవాటి అడుగుదూలం ఉంటుంది. దాని మీద ప్రక్కటెముకల వలె వంగిన అడ్డకొయ్యలు లేస్తాయి. వాటిపై పలకలు పరచి మేకులతో బిగిస్తారు. పలకకు పలకకు మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందులో నార కూరి, పైన కీలు పోస్తారు. నీటిలో దిగిన కొయ్య ఉబ్బుతుంది. నార కూడా ఉబ్బుతుంది. రెండూ ఒకదానినొకటి నొక్కుకొని నీటిని ఆపుతాయి. కాబట్టి ఓడను నీరు చొరకుండా చేసేది కొంతవరకు నీరే. ఎండలో చాలా కాలం నిలిపిన పడవను నీటిలో దింపితే మొదటి రోజు కారుతుంది. రెండు మూడు రోజులలో తడి పట్టి తనంతట తానే మానుతుంది. ఈ సంగతి తెలియనివాడు ఎండిన సందులలో నారను బలవంతంగా దట్టించి, కొయ్య ఉబ్బినప్పుడు పలకలను మేకుల నుండి ఊడదీస్తాడు.

ఓడ పాతబడిన కొద్దీ జబ్బులు పెరుగుతాయి. అలలపై ఎగిరి పడిన ప్రతిసారి పలకలు కొంచెం కదులుతాయి. నార కుళ్ళుతుంది. ఇనుప మేకు తుప్పుపట్టి సన్నబడుతుంది, దాని చుట్టూ కొయ్య నల్లబడి మెత్తబడుతుంది. వెచ్చని సముద్రాలలో కొయ్యను తొలిచే పురుగు ఒకటి ఉన్నది. బయట సూదిబెజ్జమంత కన్నం మాత్రమే కనిపిస్తుంది, లోపల మాత్రం పలక తేనెపట్టు వలె అయిపోయి ఉంటుంది. దానికి విరుగుడుగా 18వ శతాబ్దం చివర ఇంగ్లీషు యుద్ధనౌకలకు రాగి రేకు తొడుగు వేశారు. పురుగు ఆగింది. కాని ఉప్పునీటిలో రాగి ప్రక్కన ఉన్న ఇనుము త్వరగా తినివేయబడుతుందని అనుభవం మీద తెలిసి, ఇనుప మేకులకు బదులు రాగి కలిసిన మేకులు వేయవలసి వచ్చింది.

టేకు కొయ్యకు విలువ ఎందుకంటే దానిలో నూనె ఉన్నది. ఇంగ్లండులోని ఓక్ కొయ్యలో ఉన్న పులుపు ఇనుమును తింటుంది, టేకు తినదు. గోదావరి ఎగువ అడవుల టేకు, సముద్రం దాటి వచ్చిన బర్మా టేకు ఈ తీరపు వడ్రంగులకు అందేవి.

చిల్లు వెదకే విద్య

నీరు కారుతున్నదని తెలుసుకోవడం సులభం. ఎక్కడ కారుతున్నదో తెలుసుకోవడమే కష్టం. లోపలికి వచ్చిన నీరు వచ్చిన చోట నిలవదు. అడ్డకొయ్యల వెంట జారి, లోపలి పలకల వెనుకగా పారి, ఎక్కడో అడుగున చేరుతుంది. ముందుభాగంలో చిల్లు ఉంటే తడి వెనుక కనిపించవచ్చు. తడి కనిపించిన చోట కూరి ఊరుకొంటే పని వృథా. అందుచేత పూర్వపు నావికులు ముందుగా కొన్ని ప్రశ్నలు వేసుకొనేవారు.

మొదటి ప్రశ్న: ఎంత నీరు? ఓడ గర్భంలోకి ఒక గొట్టం గుండా కొలకర్రను దింపేవారు. దానికి సుద్ద రాసి ఉంటుంది. తడిసిన మేర చూసి అంగుళాలు లెక్కపెట్టి పుస్తకంలో వ్రాసేవారు. నాలుగు గంటలకొకసారి ఇలా కొలిస్తే నీరు పెరుగుతున్నదో, నిలకడగా ఉన్నదో తెలుస్తుంది.

రెండవ ప్రశ్న: ఏ నీరు? నాలుకకు తగిలించి చూస్తే చాలు. తియ్యని నీరయితే వాన నీరు; పైతట్టు పలకల సందుల నుండి దిగినది, లేదా త్రాగునీటి పీపా కారుతున్నది. ఉప్పునీరయితే సముద్రపు నీరు. రంగు, వాసన కూడా సాక్ష్యం చెబుతాయి. నల్లగా, దుర్వాసనగా ఉంటే చాలా రోజులుగా నిలిచిన నీరు, అంటే కారుడు తక్కువ. పంపు నుండి తేటనీరు వస్తున్నదంటే సంతోషించరాదు. సముద్రం ధారాళంగా లోపలికి వస్తున్నదని అర్థం.

మూడవ ప్రశ్న: ఎప్పుడు? లంగరు వేసినప్పుడు కారక, గాలికి ఓడ కుడివైపు వాలినప్పుడు మాత్రమే కారితే, చిల్లు కుడిప్రక్కన నీటిగీతకు పైన ఉన్నది. వేగంగా పోయినప్పుడు ఎక్కువయితే ముక్కు దగ్గర వెదకాలి. నిలిచినా నడిచినా ఒకే తీరుగా కారితే అడుగుదూలం ప్రక్కనున్న మొదటి సందును అనుమానించాలి. ఆ సందును చేరడం కష్టం కనుక మరమ్మతులో అది తరచు తప్పిపోతుంది.

నాలుగవది చెవి పని. రాత్రి అంతా నిశ్శబ్దమైన తరువాత లోపలి పలకకు చెవి ఆనించి వింటే నీరు చొచ్చే చప్పుడు వినిపిస్తుంది. తరువాత సుత్తితో తట్టాలి. గట్టి కొయ్య ఖంగుమంటుంది. కుళ్ళిన కొయ్య బొద్దుగా పలుకుతుంది. కుండను కొనేటప్పుడు మన అమ్మమ్మలు వ్రేలితో తట్టి చూడడం వంటిదే ఇది.

బురదలో డాక్

ఈ ప్రశ్నల వలన చిల్లు ఏ ప్రాంతంలో ఉన్నదో తెలుస్తుంది. తక్కిన పనికి ఓడ అడుగు కనిపించాలి. కోరంగి గొప్పతనం ఇక్కడే ఉన్నది. రాతిగోడలు, ఇనుప తలుపులు లేకుండా ఒండ్రు మట్టినే డాక్‌గా వాడుకొనేవారు. అమావాస్యకో పున్నమికో పోటు బాగా ఎక్కినప్పుడు ఓడను త్రవ్విన గుంటలోకి లాగేవారు. పాటుకు నీరు దిగినప్పుడు ఓడ మెత్తని బురద మీద కూర్చొనేది. రాతినేల మీద కూర్చొంటే బరువుకు పాత ఓడ నడుము విరుగుతుంది. బురద మీద పరుపు మీద ఉన్నట్లు ఉంటుంది. ఒరిగిపోకుండా రెండు ప్రక్కల దూలాలు ఊతగా పెట్టి, గుంట నోటికి మట్టికట్ట వేసి, మిగిలిన నీరు తోడివేసేవారు. పని ముగిసిన తరువాత మళ్ళీ పెద్దపోటు వచ్చే రోజు చూసి కట్ట తెగగొట్టేవారు. ఓడ తేలేది.

ఆరుతున్న ఓడ తన జబ్బును తానే చెబుతుంది. వెలుపలి ప్రక్క అంతా ఆరిన తరువాత ఎక్కడో ఒక చోట తడి మిగిలి ఉంటుంది. లోపల మిగిలిన నీరు ఆ సందు గుండా బయటికి బొట్టుబొట్టుగా వస్తున్నదన్నమాట. నీరు లోపలికి వచ్చిన దారినే బయటికి పోతుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. లోపల నీరు లేకపోతే కొంత పోసి కూడా చూడవచ్చు. మేకు చుట్టూ తుప్పు చార దిగి ఉంటే అది మరొక గుర్తు.

నార, గుగ్గిలం, కొయ్యసుత్తి

గుర్తు దొరికిన తరువాత పాత నారను కొక్కెంతో పూర్తిగా తీసివేయాలి. కుళ్ళిన నారపై క్రొత్త నార కూరడం పుండు కడగకుండా కట్టు కట్టడం వంటిది. పలక మెత్తబడి ఉంటే గట్టి కొయ్య వచ్చేవరకు కోసి ముక్క వేయాలి. సన్నబడిన మేకును తీసి, దానికంటె కొంచెం లావైన మేకు దింపాలి. తరువాత సందు ఆరాలి.

ఐరోపావారు పాత త్రాళ్ళను విప్పి పీచు చేసి, తారు పట్టించి కూరేవారు. మన తీరాలలో కొబ్బరిపీచు, ప్రత్తి వాడుక. మొద్దు ఉలిని సందుపై పెట్టి కొయ్యసుత్తితో కొడుతూ, పేట వెనుక పేటగా నారను దింపుతారు. సుత్తి చప్పుడు మారినప్పుడు నార నిండిందని పనివానికి తెలుస్తుంది. క్రొత్త ఓడకు గట్టిగా కొట్టవచ్చు. పాత ఓడకు చేయి తేలికగా ఉండాలి. ఒక సందును మితిమీరి బిగిస్తే ప్రక్క సందు తెరుచుకొంటుంది. ఒక చిల్లు మూయబోయి నాలుగు చేసినవాడు పనివాడు కాడు.

నారపై కీలు పోయాలి. ఐరోపాలో దేవదారు జాతి చెట్ల కీలు వాడేవారు. మన దేశంలో గుగ్గిలాన్ని పొడిచేసి నూనెతో కాచి పూసేవారు. మన పూజలో ధూపం వేసే గుగ్గిలమే ఇది. గుగ్గిలం ఒక్కటే అయితే ఆరి పెళుసుగా పగులుతుంది. నూనె దానికి సాగుడు ఇస్తుంది. సున్నాన్ని నూనెతో నూరి ఓడ అడుగుకు పట్టించడం కూడా ఉండేది. పలకలకు చేపనూనె పూయడం చాలా రేవులలో అలవాటు.

ఇంకొక సంగతి పెద్దలు తప్పక చెప్పేవారు. కొయ్యకు ఉప్పునీటికంటె వాననీరే ఎక్కువ శత్రువు. ఉప్పు కొయ్యను కొంత కాపాడుతుంది. తియ్యని నీరు దాగిన మూలలలో నిలిచి కుళ్ళబెడుతుంది. అందుచేత అడుగుభాగం ఎంత బాగుచేసినా పైతట్టు సందులను విడిచిపెట్టరాదు.

ఇదే తీరంలో మేకు లేని పడవ కూడా ఉన్నది. దానిని మసూలా పడవ అంటారు. పలకలను కొబ్బరిత్రాడుతో కుట్టి, కుట్టు క్రింద పీచు పెట్టేవారు. అలలు విరిగే తీరంలో నేలకు కొట్టుకొన్నప్పుడు మేకుల పడవ పగులుతుంది, ఇది వంగి లేస్తుంది. నీరు కొంత ఎప్పుడూ వస్తుంది; తోడివేయడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండేవాడు. కారుడు బొత్తిగా లేకుండా చేయడమే మరమ్మతు కాదు, కారేదానికంటె ఎక్కువ తోడగలగడం కూడా ఒక మరమ్మతే అని ఆ పడవ నేర్పుతుంది.

నడిసముద్రంలో

డాక్ లేని చోట చిల్లు పడితే ఏమి గతి? 1770 జూన్‌లో కాప్టెన్ కుక్ నడిపిన ఎండెవర్ ఓడ ఆస్ట్రేలియా తూర్పుతీరంలో పగడపు దిబ్బకు తగిలి చిల్లుపడింది. పాత తెరచాపకు నార, ఉన్ని, పేడ అంటించి, త్రాళ్ళతో ఓడ అడుగుకు లాగారు. నీటి ఒత్తిడి ఆ చాపను చిల్లులోకి నొక్కి పట్టింది. తరువాత నది ఒడ్డుకు చేర్చి చూస్తే, విరిగిన పగడపు ముక్క ఒకటి చిల్లులోనే ఇరుక్కొని ఓడను కాపాడిందని తెలిసింది. మరమ్మతుకు వారాలు పట్టింది.

అందరికీ అంత అదృష్టం ఉండదు. కోరంగి పేరే పెట్టుకొన్న "కోరింగా పాకెట్" అనే ఓడ 1845లో అదే ఆస్ట్రేలియా వైపు సముద్రంలో దిబ్బకు తగిలి నాశనమైంది. అక్కడి చిన్న దీవులకు నేటికీ కోరింగా దీవులనే పేరు నిలిచి ఉన్నది.

మన పూర్వుల ప్రయాణం

1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది కూలి ఒప్పందంపై భారతదేశం నుండి మారిషస్ చేరారు. వారిలో తెలుగువారు గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల వారు ఎక్కువ. వారందరూ ఓడ వడ్రంగులు అని చెప్పడం సత్యం కాదు. ఎక్కువమంది పొలం పని చేసినవారు. సముద్రం చూడడమే కొందరికి అదే మొదటిసారి. వారు ఓడ అడుగున వారాల తరబడి ఉన్నారు. అటువంటివారికి పైతట్టు కారితే పక్క తడుస్తుంది, బియ్యం బూజుపడుతుంది, జ్వరం వస్తుంది. అడుగు కారితే అందరి ప్రాణమూ పంపు మీద ఉంటుంది. ఓడ కష్టంలో ఉన్నప్పుడు చేయి ఆడేవారందరూ వంతులవారీగా పంపు కొట్టవలసిందే. వారిని ఈ ఒడ్డుకు చేర్చినవి ఎవరో పేరు తెలియని పనివారు కూరిన నార, పూసిన గుగ్గిలం.

వారు దిగిన చోటు కూడా ఓడల మరమ్మతుకు సంబంధించినదే. 1849లో వలసకూలీల డిపో కట్టిన త్రూ ఫాంఫారోన్ అనే చిన్న అఖాతాన్ని 18వ శతాబ్దంలో ఫ్రెంచివారు లోతు చేసి తుఫానులలో ఓడలకు ఆశ్రయంగా వాడుకొన్నారు. సూయెజ్ కాలువ 1869లో తెరవకముందు, ఆఫ్రికా కొనను చుట్టి పోయే దారిలో దెబ్బతిన్న ఓడలు పోర్ట్ లూయీకి వచ్చి బాగుచేయించుకొనేవి. ఆ డిపోనే నేడు ఆప్రవాసీ ఘాట్. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడి 16 మెట్లు మనమందరం ఎక్కి చూసినవే. మెట్ల వద్ద నిలిచినప్పుడు కోరంగి బురద గుంటను కూడా ఒక్కసారి తలచుకోవాలని మా మనవి.

ఓడలు బండ్లు అయినవి

కోరంగికి సముద్రమే జీవనం, సముద్రమే మృత్యువు. 1789 డిసెంబరులో తుఫానుతో పాటు మూడు పెద్ద కెరటాలు వచ్చి ఊరిని ముంచాయి. సుమారు 20 వేల మంది చనిపోయారని చెబుతారు. 1839 నవంబరు 25న మరొక ఉప్పెన వచ్చి రేవును, ఓడలను నాశనం చేసింది. ఆ తుఫానులను గూర్చి వ్రాసిన హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా వాసి 1840 దశకంలో "సైక్లోన్" అనే మాటను కల్పించాడు. 1845లో మన మారిషస్ సమీపంలో తుఫాను చుట్టూ రోజుల తరబడి సుడులు తిరిగిన "చార్లెస్ హెడిల్" అనే ఓడ లెక్కలను అతడు పరిశీలించాడు. ప్రతి సంవత్సరం మనం భయపడుతూ పలికే ఆ మాట వెనుక కోరంగి కన్నీరు, మారిషస్ సముద్రం రెండూ ఉన్నాయి.

ఉప్పెనలకంటె నిదానంగా పని చేసినది గోదావరి ఒండ్రు. అది ఏటేటా ముఖద్వారాన్ని పూడ్చింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు వచ్చాయి. వాటికి నార పని లేదు. వ్యాపారం కాకినాడకు మళ్ళింది. 19వ శతాబ్దం ముగిసేసరికి కోరంగి రేవు పేరుకు మాత్రమే మిగిలింది. ఓడలు బండ్లు అవుతాయని మన సామెత ఊరకే అనలేదు.

కాని మాటలు మిగిలాయి. చుక్కాని అనే మాట అరబ్బుల నుండి వచ్చింది. లంగరు, సరంగు పారశీకం. ఓడ, పడవ, తెప్ప మనవి. ఒక ఓడ మీద ఎన్ని దేశాలవారు కలిసి పని చేశారో ఈ మాటలే చెబుతాయి. పిల్లలకు ఈ మాటలు నేర్పినప్పుడు చరిత్ర కూడా నేర్పినట్లే.

మన తెలుగులో మరొక సామెత ఉన్నది: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మనం దాటినది ఏరు కాదు, మహాసముద్రం. ఒడ్డు చేరి ఎన్నో తరాలు గడిచాయి. మన పిల్లలు వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు అయ్యారు. ఇంట్లో రామభజన, అమ్మోరి పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నిలిచాయి. మాట మాత్రం తగ్గుతున్నది. అది ఎక్కడ తగ్గుతున్నదో పాత నావికుల వలె వెదకాలి. సభలో తడి కనిపించినంత మాత్రాన చిల్లు సభలో ఉండదు; అది భోజనాల దగ్గర, అమ్మమ్మకు మనుమరాలికి మధ్య ఉండవచ్చు. అక్కడ కూరవలసిన నార రోజుకు నాలుగు తెలుగు మాటలు. చేయి మాత్రం తేలికగా ఉండాలి. పిల్లలను గద్దించి నేర్పితే ప్రక్క సందు తెరుచుకొంటుంది.

ఇకమీదట ఎవరైనా "కోరంగి" అంటే తల దించనక్కరలేదు. "అవును, ఓడలను బాగుచేసిన రేవు పేరు అది" అని చెప్పండి. తరువాత నారను గూర్చి, గుగ్గిలాన్ని గూర్చి, అమావాస్య పోటును గూర్చి కూడా చెప్పండి.